ఎక్కింది ఎవరు?

తిరుపతిలో పుట్టినవాళ్లకు ఒక తగాదా పుట్టుకతోనే వస్తుంది. కొండకు నడిచి వెళ్తేనే పుణ్యమా, బస్సులో వెళ్లినా వస్తుందా అని. మా అన్నయ్యది నడక పక్షం. అలిపిరి దగ్గర మొదటి మెట్టుకు దణ్ణం పెట్టి, 3,550 మెట్లూ ఎక్కి, గాలిగోపురం దగ్గర కండువా పిండుకుని పైకి చేరాక, బస్సు దిగుతున్నవాళ్లను ఆయన చూసే చూపు ఒకటుంటుంది. టిక్కెట్టు కొన్నవాడు టిక్కెట్టు లేనివాణ్ని చూసే చూపు అది. నిజానికి మొదటి ఘాట్ రోడ్డు తెరిచింది 1944లో. అంతకు ముందు నడకో డోలీయో తప్ప గత్యంతరం లేదు. అప్పుడు నడవడం ఎవరికీ గొప్ప కాదు, అవసరం. రోడ్డు పడ్డాకే నడక మొక్కుగా మారింది. ఈ సంగతి చెబితే అన్నయ్యకు కోపం.

నేను సంస్కృతం పాఠాలు చెప్పి రిటైరైన దాన్ని. శ్రీవైష్ణవుల్లోని రెండు శాఖల్లో నా పుట్టిల్లు తెంగలై, మెట్టినిల్లు వడగలై. నామం ముక్కు మీదికి దిగాలా, కనుబొమల దగ్గరే ఆగాలా అన్న చోట మొదలై, భగవంతుడి దయకు మన ప్రయత్నం కావాలా అక్కర్లేదా అన్న చోట తేలే వాదాన్ని రెండిళ్లల్లోనూ విన్నాను. వడగలై వారు కోతిపిల్లను చూపిస్తారు. తల్లి కొమ్మ మీంచి కొమ్మ మీదికి దూకుతుంటే పొట్టను గట్టిగా కరుచుకుని ఉండాల్సింది పిల్లే. తెంగలై వారు పిల్లికూనను చూపిస్తారు. మెడ దగ్గర నోట కరిచి తీసుకుపోయేది తల్లి, కూన కళ్లు కూడా తెరవక్కర్లేదు. పెళ్లయిన కొత్తలో మా మామగారు నన్ను ఆటపట్టిస్తూ, "మీ వాళ్లది సోమరుల సిద్ధాంతం అమ్మాయ్" అనేవారు. మా నాన్నగారిని అడిగితే, "వాళ్లకు దేవుడి మీద నమ్మకం చాలక చేతులు బిగబట్టుకుంటారులే" అనేవారు.

ఈ వాదం నాకు మళ్లీ గుర్తొచ్చిన చోటు ఆల్ప్స్‌లో, ఒక హిమానీనదం మీద, నడుముకు తాడు కట్టి ఉండగా.

మా అమ్మాయీ అల్లుడూ జ్యూరిచ్‌లో ఉంటారు. పొద్దున వెళ్లి మధ్యాహ్నం టీ వేళకు దిగి వచ్చేయగల నాలుగువేల మీటర్ల శిఖరం ఒకటుందని, తిరుమల మెట్లెక్కే మోకాళ్లకు అదేమంత కాదని మా అమ్మాయి వారం రోజులు చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. ఆ శిఖరం పేరు బ్రైట్‌హార్న్. ఎత్తు 4,164 మీటర్లు. కింద ఉన్న ఊరు జెర్మాట్. పెట్రోలు కార్లను ఊళ్లోకి రానివ్వరు, అంతకు ముందొచ్చే ఊళ్లోనే వదిలి రైలెక్కాలి. జెర్మాట్ ఉన్నది 1,600 మీటర్ల ఎత్తున. అక్కణ్ణుంచి కేబుల్ కార్లు ఒకదాని తర్వాత ఒకటి ఎక్కితే గంట తిరక్కుండా క్లైన్ మాటర్‌హార్న్ అనే చోట, 3,883 మీటర్ల దగ్గర దింపుతాయి. చెవులు దిబ్బళ్లు వేయడం తప్ప మనం పడే శ్రమ ఏమీ లేదు. అక్కడ కొండను తొలిచిన సొరంగంలోంచి బయటికొస్తే ఎదురుగా తెల్లటి మైదానం, దాని కొసన గోపురంలా మంచు వాలు. కాలినడకన ఎక్కాల్సింది మూడొందల చిల్లర మీటర్లు మాత్రమే. వెడల్పాటి కొండ కాబట్టి ఆ పేరు పెట్టారట. ఆల్ప్స్‌లోని నాలుగువేల మీటర్ల శిఖరాల్లో ఇంతకంటే తేలికైనది లేదని చాలామంది మాట.

తేలిక అన్న మాట దగ్గరే మా అన్నయ్య అక్కడా ప్రత్యక్షమయ్యాడు. ఆయనలాంటివాళ్లు ఆ దేశంలోనూ ఉన్నారు. రాత్రి మేం బస చేసిన చోట భోజనాల బల్ల దగ్గర పెద్దాయన ఒకరు, రేపు ఎక్కడికని అడిగి, బ్రైట్‌హార్న్ అనగానే నవ్వి, కేబుల్ కారులో పోయేది లెక్కలోకి రాదు కదా అన్నారు. మర్యాదగానే అన్నారు. కొండలెక్కేవాళ్లలో ఇది పాత చర్చ. మమ్మరీ అని ఒక ఇంగ్లీషాయన, 1879లో అక్కడి మాటర్‌హార్న్ కొండను కొత్త దారిలో ఎక్కినవాడు, శిఖరాన్ని న్యాయమైన పద్ధతిలో గెలవాలన్న మాట ప్రచారంలోకి తెచ్చాడు. తర్వాత మెస్నర్ అనే పర్వతారోహకుడు ఆ మాట పట్టుకుని, 1978లో హాబెలర్‌ అనే తోటివాడితో కలిసి ఆక్సిజన్ సిలిండరు లేకుండా ఎవరెస్టు ఎక్కి చూపించాడు. వీళ్లముందు మేమెంత! బ్రైట్‌హార్న్‌ను మొదట 1813లో ఎక్కినవాళ్లు కిందినుంచీ నడిచే వచ్చారు. క్లైన్ మాటర్‌హార్న్‌కు కేబుల్ కారు వచ్చింది 1979లో. ఇక్కడా అంతే. కేబుల్ కారు వచ్చాకే, దాన్ని ఎక్కకుండా ఉండటం గొప్పయింది.

పొద్దున గైడు వచ్చాడు. ఆ లోయలోనే పుట్టినవాడు, మాటలు తక్కువ. జన్మలో చీర తప్ప కట్టని నాకు ప్యాంటు తొడిగించిన ఘనత మా అమ్మాయిది. దాని మీద నడుముకూ తొడలకూ పట్టీలు బిగించి, బూట్ల కింద ఇనుప పళ్ల చట్రాలు తగిలించిన ఘనత ఈ అబ్బాయిది. వాటిని క్రాంపాన్లు అంటారు. కాళ్లు కాస్త ఎడంగా వేసి నడవాలి, లేకపోతే ఒక కాలి పళ్లు రెండో కాలి ప్యాంటులో చిక్కుకుంటాయి. నాకు రామానుజులవారు గుర్తొచ్చారు. శేషాద్రి సాక్షాత్తూ ఆదిశేషుడు కాబట్టి దానిమీద పాదం మోపకూడదని ఆయన మోకాళ్లతో పాకి ఎక్కారని మా వైపు చెప్పుకుంటారు, మోకాళ్ల మెట్టుకు ఆ పేరు అలాగే వచ్చిందంటారు. మనవాళ్లు ఆ కథను నొప్పి కథగా చేసేశారు. ఎంత కష్టపడ్డారో చూడు అంటారు. నాకు తెలిసినంతలో ఆ కథలో నొప్పి ఊరికే వెంటవచ్చింది, అసలు సంగతి పాదం మోపకపోవడం. ఇక్కడ నేను పాదమే కాదు, ఇనుప పళ్లు కూడా దింపుతున్నాను.

తర్వాత తాడు. ముందు గైడు, ఆయన వెనక నేను, నా వెనక మా అమ్మాయి, చివర అల్లుడు. నడుమ ఒక్కొక్కరికీ ఏడెనిమిది బారల దూరం. ముడి వేసి, లాగి చూసి, మళ్లీ లాగి చూశాడు. నియమాలు చెప్పాడు. తాడును తొక్కకూడదు, క్రాంపాన్ పళ్లు నారలను తెంపేస్తాయి. తాడు బిర్రుగా ఉండకూడదు, వదులుగా మెలికలు పడకూడదు. ఇద్దరి మధ్య మంచును కాస్త రాసుకుంటూ పోవాలి. ముందువాడు ఆగితే వెనకవాడు అక్కడే ఆగాలి, దగ్గరికి పోయి కబుర్లు చెప్పకూడదు. ఎందుకంటే గ్లేసియర్ మీద పగుళ్లుంటాయి. కొన్నిటి మీద మంచు వంతెనలా పేరుకుని కనపడనివ్వదు. ఎండ ముదిరేకొద్దీ ఆ వంతెనలు మెత్తబడతాయి, పొద్దున్నే బయల్దేరేది అందుకే.

మీరు పడితే నేను పట్టుకుంటాను అన్నాడు. సరే, అందుకేగా నువ్వు అనుకున్నాను. ఆ తర్వాత, నేను పడితే మీరు పట్టుకోవాలి అన్నాడు. వెంటనే వెనక్కి కూలబడి మడమలు మంచులో తన్నిపెట్టాలట. నవ్వులాట అనుకున్నాను. కాదు. గ్లేసియర్ మీద ముందు నడిచేవాడే ముందు పడేవాడు. వాణ్ని ఆపేది వెనకవాళ్ల బరువే, ఇంకేదీ లేదు.

నాకు తోచింది మీకు వింతగా అనిపిస్తే అనిపించనివ్వండి. కోతిపిల్ల కథలోనూ పిల్లికూన కథలోనూ తల్లి ఎప్పుడూ పడదు. పట్టు ఎవరిది అన్నదే ప్రశ్న, పడేది మాత్రం పిల్లే. ఈ తాడులో అలా లేదు. రక్షించడానికి వచ్చినవాడి ప్రాణం రక్షణ కోరి వచ్చినవాళ్ల చేతుల్లో, సరిగ్గా చెప్పాలంటే పిరుదుల్లో, ఉంది. అపచారం అనుకోబోయాను గానీ, మా పుట్టింటి సంప్రదాయంలో దీనికి దగ్గర మాట ఒకటుంది. జీవుడు భగవంతుణ్ని పొందడం జీవుడి లాభం కాదు, భగవంతుడి లాభం అంటారు పిళ్లై లోకాచార్యుల మార్గంవాళ్లు. సొత్తు ఆయనది, తప్పిపోయిన సొత్తు దొరికితే సంతోషించేది సొంతదారే కదా అని. చిన్నప్పుడు ఈ మాట విని, దేవుడికి లాభమేమిటి, ఆయనకు లోటేమిటి అని నాన్నగారిని అడిగితే, లోటు లేనివాడు ఇన్ని అవతారాలెందుకు ఎత్తుతాడే అన్నారు.

మైదానం దాటేసరికి ఊపిరి ఆడటం తగ్గింది. ఆ ఎత్తులో గాలి ఒత్తిడి సముద్రమట్టం దగ్గర ఉన్నదాంట్లో సుమారు 60 శాతం. పది అడుగులు, ఒక నిలుపు. మళ్లీ పది అడుగులు. పాఠం చెప్పేటప్పుడు వందసార్లు చెప్పిన విషయం ఒకటి అప్పుడు ఒంటికి పట్టింది. గీతలో పద్దెనిమిదో అధ్యాయంలో ఏ పనికైనా కారణాలు ఐదని లెక్క చెబుతారు. రామానుజుల భాష్యం ప్రకారం మొదటిది శరీరం, రెండోది చేసే జీవుడు, మూడోది చేతులూ కాళ్లూ మనస్సూ వంటి పనిముట్లు, నాలుగోది ప్రాణవాయువుల కదలిక, ఐదోది దైవం, అంటే లోపల ఉండి నడిపించే అంతర్యామి. పరీక్షల్లో పిల్లలు నాలుగోదాన్ని ఎప్పుడూ మరిచిపోయేవాళ్లు. నేనూ దాన్ని ఒక వాక్యంలో దాటించేసేదాన్ని. వాయువు కదలకపోతే ఎవడు కదులుతాడు, ఇది కూడా చెప్పాలా అని. నాలుగువేల మీటర్ల దగ్గర చెప్పాల్సే వచ్చింది. జీవుడు సిద్ధంగా ఉన్నాడు, కాళ్లు సిద్ధంగా ఉన్నాయి, శరీరం పర్వాలేదు. గాలి ఒప్పుకోవడం లేదు. కిందున్నప్పుడు ఎంత ఉదారంగా పనిచేసిందో, దాని వంతు కూడా నా ఖాతాలోనే రాసుకున్నాను.

ఐదుగురు కలిసి చేసినదాన్ని ఒక్కడే చేశానని చూసేవాడు అసలు చూడటం లేదని ఆ తర్వాతి శ్లోకాల్లోనే ఉంది. అన్నయ్య నడకకు నేను పెట్టే పేచీ ఇదే. మెట్లు చెక్కినవాడున్నాడు, పొద్దున్నే ఊడ్చేవాళ్లున్నారు, నీ మోకాళ్లు ఇంకా సహకరిస్తున్నాయి. వీళ్లందరినీ తీసేసి 3,550 మెట్లనూ నీ పద్దులో రాసుకుంటే బస్సువాడి కంటే నువ్వు దూరం వెళ్లినట్టు కాదు. అదే దారిలో మెట్టు మెట్టుకూ పసుపు రాసి కుంకుమ పెడుతూ నడుం వంచుకుని ఎక్కే ఆడవాళ్లను చూడండి. వాళ్లకు మెట్టు కనపడుతుంది. ఎక్కడం సంగతి వాళ్లు అట్టే పట్టించుకున్నట్టే ఉండదు.

అయితే ఐదుగురూ కలిసి చేశారంటే ఎవరి బాధ్యతా లేదని అర్థమా? ఇక్కడ రామానుజులవారు చెప్పిన ఉదాహరణ నాకు ఇష్టం. పెద్ద బండరాయినో మానునో చాలామంది కలిసి కదుపుతారు. ఏ ఒక్కడి వల్లా అది కదలదు. అయినా చెయ్యి వేసిన ప్రతివాడూ కారణమే, ప్రతివాడికీ విధి నిషేధాలు వర్తిస్తాయి. నేనొక్కణ్నే కాదుగా అని ఎవడూ తప్పుకోలేడు. కోతీ పిల్లీ కథల కంటే ఈ రాయి కథ బలమైనదని నా అభిప్రాయం. ఆ రెండింట్లో పట్టు ఎవరిదో ఒకరిదే కావాలి. ఇందులో అందరిదీ.

వాలు మొదలయ్యాక గైడు తాడును చుట్టలు చుట్టి భుజాన వేసుకుని, మా మధ్య దూరం తగ్గించేశాడు. వాలు ముప్ఫై ఐదు డిగ్రీల దాకా ఉంటుందన్నాడు. ఇక్కడ పగుళ్ల భయం తక్కువ, జారే భయం ఎక్కువ. కాబట్టి తాడు పొట్టిగా, బిర్రుగా, ఆయన గుప్పిట్లో. ఒకచోట నా క్రాంపాన్ కింద మంచు ముద్ద కట్టి కాలు పట్టు తప్పింది. మోకాలు వంగేలోపే నడుము దగ్గర ఒక లాగు. అంతే, నిలబడే ఉన్నాను. నేను నిలదొక్కుకున్నానా, ఆయన నిలబెట్టాడా? అడిగాను కూడా. ఆయన భుజాలెగరేసి, బూటు అడుగున తన మంచుగొడ్డలితో తట్టి మంచు ముద్ద రాల్చి, పదండి అన్నాడు.

శిఖరం మీద సన్నటి మంచు గట్టు, దాని మీద ఓ పదిమంది. మాటర్‌హార్న్ పక్కనుంచి కనపడుతుంది. లిస్కామ్, మోంటె రోసా ఇటువైపు. చాలా బాగుంది. ఇంతకంటే చెబితే పోస్టుకార్డు అవుతుంది. శ్రీశైలంలో మనవాళ్లు శిఖరాన్ని చూస్తే చాలు జన్మ లేదన్నారు, ఎక్కమనలేదు. చూడటానికైతే శిఖరం మీద నిలబడ్డ చోటు అన్నిటికంటే పనికిమాలినది. అక్కణ్ణుంచి కనపడని శిఖరం అదొక్కటే.

దిగేటప్పుడు వరస తిరగబడింది. అల్లుడు ముందు, గైడు అందరికంటే వెనక, పైన. జారేవాళ్లను పైనుంచే ఆపగలరు. మర్నాడు జెర్మాట్ మ్యూజియంలో ఆ మాటకు అవతలి వైపు చూశాను. అద్దాల పెట్టెలో తెగిన తాడు ఒకటి ఉంది. 1865 జులై 14న మాటర్‌హార్న్‌ను మొట్టమొదట ఎక్కిన ఏడుగురు దిగుతుండగా తెగిన తాడు అది. దిగే వరసలో ముందున్నవాడు మిషెల్ క్రో అనే గైడు. అతని వెనక హాడో, పంతొమ్మిదేళ్ల కుర్రవాడు, పెద్ద అనుభవం లేదు. క్రో ఆ కుర్రవాడి పాదాలను ఒక్కొక్కటీ తన చేతులతో పట్టి రాతి మీద ఆనిస్తూ దింపుతున్నాడు. హాడో జారి క్రో మీద పడ్డాడు. ఇద్దరి బరువూ వెనకున్న హడ్సన్‌నూ డగ్లస్‌నూ లాగేసింది. డగ్లస్‌కూ అతని వెనకున్న ముసలి గైడు టౌగ్‌వాల్డర్‌కూ మధ్య తాడు తెగింది. నలుగురు పోయారు, ముగ్గురు బతికారు. తెగకపోతే ఏడుగురూ పోయేవాళ్లేమో. ముసలి గైడు తాడు కోశాడని లోకం గుసగుసలాడింది, విచారణలో అతని తప్పేమీ తేల్చలేదు. చూడబోతే వేలెడు లావు లేదు ఆ తాడు. పాదం పాదం పట్టి దింపిన గైడు చేతులకంటే దయగల చేతులు ఉంటాయా? అతన్ని కిందికి తోసింది తను దింపుతున్న కుర్రవాడే. కొండ మీద దయ ఒకవైపే ప్రవహిస్తుందనుకోవడానికి లేదు. ప్రయత్నమూ అంతే. క్రో ప్రయత్నంలో లోపం ఉందని ఎవరనగలరు?

తిరిగొచ్చేటప్పుడు రైల్లో అల్లుడు ఇంకో సంగతి చెప్పాడు. అతను ఇంజనీరు, అంకెలు నాలుక చివరన ఉంటాయి. 2022, 2023 రెండేళ్లలోనే స్విట్జర్లాండు గ్లేసియర్లు తమ మంచులో పదో వంతు పోగొట్టుకున్నాయట. మేం నడిచిన మైదానం కూడా ఆ లెక్కలోదే. జెర్మాట్ ఉన్న వాలే రాష్ట్రంలోనే ఫీష్, ఫీషర్‌టాల్ అని రెండు పల్లెలున్నాయి. వాటి పైన అలెట్ష్ గ్లేసియర్, ఆల్ప్స్‌లోకెల్లా పొడవైనది. ఒకప్పుడు అది పెరుగుతూ వచ్చి, దాని పక్క చెరువు తెగి లోయను ముంచేది. ఆ ఊళ్లవాళ్లు 1678లో మొక్కుకున్నారు, మేం బుద్ధిగా బతుకుతాం, గ్లేసియర్ పెరగకుండా చూడు స్వామీ అని. తరతరాలుగా ఆ ప్రార్థన చేశారు. 2009కి గ్లేసియర్ కరిగిపోతుంటే భయపడి, మొక్కును తిప్పి చదవడానికి రోముకు అర్జీ పెట్టుకున్నారు. పోప్ అనుమతి వచ్చింది. ఇప్పుడు పెరగాలని ప్రార్థిస్తున్నారు.

"అంటే ఆ మొదటి ప్రార్థన ఫలించినట్టే కదా అత్తయ్యా" అన్నాడు అల్లుడు, నన్ను ఇరుకున పెట్టానన్న ఉత్సాహంతో.

నేను రాయి కథ చెప్పాను. చెయ్యి వేసినవాళ్లలో కొందరు ప్రార్థించారు, మిగిలినవాళ్లు బొగ్గు కాల్చారు. రాయి కదిలింది.

ఆ రాత్రి ఫోన్‌లో అన్నయ్యకు ఇదంతా వివరంగా చెప్పాను. కేబుల్ కారు సంగతి విని ముందే పెదవి విరిచాడు. ఐదు కారణాలు, తాడు, భాష్యం, అన్నీ ఓపిగ్గా విన్నాడు. నడక గురించి నేనన్నది మాత్రం ఒప్పుకోలేదు. "పసుపు రాసే ఆడవాళ్లు కూడా నడిచే ఎక్కుతారు, బస్సు మెట్లకు ఎవరూ రాయరు" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. మళ్లీ ఆయనే, "రాయి కదిలింది సరే, తిరుపతి నుంచి జ్యూరిచ్‌కు నువ్వెక్కిన విమానం అందులో ఎన్నో చెయ్యి?" అని అడిగాడు.

ముందు వరసలోదే అన్నాను.